పాడని కీచురాళ్ళు

క్యారెట్‌ను ఎంత పలచగా తరిగితే కీచురాళ్ళు అంత ఇష్టంగా తింటాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు, తనంతట తనే కనిపెట్టింది, ఆ గొప్ప సంగతి చెప్పుకుందామంటే వినేవాళ్ళు లేక మూడు నెలలుగా కడుపులోనే దాచుకుంది. ఇప్పుడు చెప్పొచ్చు. ఇంకాసేపట్లో కారు వాకిట్లో ఆగుతుంది, ఆడపడుచు మెట్లెక్కి పైకొస్తుంది, చూశావా అమ్మడూ ఎంత పలచగా తరిగానో అనొచ్చు. అయితే చెప్పాల్సింది అదేనా? చెప్పాల్సింది వేరే ఉంది. అది నోటిదాకా వచ్చేసరికి క్యారెట్టో గొడుగో అయిపోతుంది, ఏం ఖర్మో. మేడమీది గదిలో నేలమీద కాళ్ళు బారజాపుకుని, కర్టెన్ గుడ్డలు కత్తిరించి కత్తిరించి కాయలు కాసిన చేత్తో, ఒక్కో చక్రాన్నీ కాగితంలా తరిగి మూతలో పరుస్తోంది. కారంటే ఆయన కారు, డ్రైవింగ్ నేర్పేది, నెత్తిన బోర్డూ కింద రెండు బ్రేకులూ ఉన్నది. అందులోనే వెళ్ళాడు, చెల్లెల్ని బస్టాండు నుంచి తీసుకురావడానికి. మూడు నెలలు చేసి చూడండి, నచ్చితే ఉండిపోండి అన్నారట ఆ పిల్ల వెళ్ళిన ఊళ్ళో కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసే ఫ్యాక్టరీవాళ్ళు. ఆ మూడు నెలలూ అయిపోయాయి. ఉంటున్నావా, వచ్చేస్తున్నావా అని ఫోన్లో అడిగితే, "వచ్చి దొరగారిని చూశాక చెప్తాను వదినా" అంది ఆ పిల్ల. పిల్లంటే పిల్లేం కాదు, ముప్పై దాటాయి, అయినా ఈ ఇంట్లో పిల్లే.

దొరగారంటే అద్దాల గూట్లో బల్బు కింద కూర్చున్న మచ్చల బల్లి, ఆడపడుచు పెంచుకునేది. జానెడుంటాడు, పసుప్పచ్చటి ఒంటిమీద నల్లటి చుక్కలు, రెప్పలున్న కళ్ళు, వాటిని అరమోడ్చి ప్రపంచమంతా తనకు అప్పున్నట్టు చూస్తాడు, అందుకే ఆయన ఆ పేరు పెట్టాడు. ఇప్పుడు దొరగారి తోక చూడాలి, వేలెడు లావెక్కి నిగనిగలాడుతోంది. ఒంట్లో బలమంతా దాచుకునేది అక్కడేనట. ఎంత దూరం ప్రయాణమైనా తట్టుకుంటాడు. ఆ మాట అనుకోగానే ఆమె కత్తి ఆగింది. తట్టుకుంటాడు, అదే కదా వచ్చిన చిక్కు. బాగున్నాడనుకో, చక్కగా డబ్బాలో పెట్టి తీసుకెళ్ళిపోతుంది, ఇక ఈ గదికి ఆ పిల్ల రాదు. బాగాలేడనుకో, నీకప్పగించి వెళ్ళాను కదా వదినా అన్నట్టు చూస్తుంది, ఆ చూపు తట్టుకోవడం తన వల్ల కాదు. ఎటు చూసినా తనకే నష్టం. అయినా నిన్న కూడా దొరగారికి వడ్డించే కీచురాళ్ళని తెల్లటి కాల్షియం పొడిలో దొర్లించి మరీ వేసింది, ఒక్కరోజు కూడా మానలేదు. ఎందుకు మానలేదంటే ఏం చెప్తుంది. తనకంటూ అప్పగించిన పని అదొక్కటే.

మొదట్లో, అబ్బ, ఆ కీచురాళ్ళ డబ్బా మూత తియ్యడానికే ఒళ్ళు జలదరించేది. గుడ్ల అట్టలు నిలువుగా పేర్చి, వాటి గుంటల్లో వందలకొద్దీ మీసాలు కదులుతుంటే కళ్ళు మూసుకుని తవుడు విసిరి పారిపోయేది. పాపం దాహం వేస్తుందేమోనని మొదటి వారంలో గిన్నెతో నీళ్ళు పెట్టింది, పొద్దున చూస్తే సగం అందులో మునిగి చచ్చాయి. చచ్చినవాటి కంపు, దాంతో తడి, తడితో బూజు. ముక్కుకు గుడ్డ కట్టుకుని అంతా కడిగి ఆరబెట్టి, గిన్నె బదులు తడి స్పాంజి పెట్టింది. స్పాంజి ఎప్పుడు మార్చాలో, మూతకున్న జల్లెడ ఎప్పుడు దులపాలో, తవుడు ఎప్పుడు ముక్క వాసన వస్తుందో ఇప్పుడు చేతికే తెలుసు. పురుగు ఏది తింటే దొరగారు అదే తిన్నట్టు వదినా, ఎండిపోయిన పురుగు పెడితే ఖాళీ కవరు పెట్టినట్టే, అని ఆడపడుచు వెళ్ళేముందు చెప్పింది. ఇంకా చాలా చెప్పింది. ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందంటే, పక్క గదిలో ఎవరో పేజీ తిప్పినట్టుంటుంది. సగం వినబడుతుంది, మిగతా సగం మనమే అల్లుకోవాలి. మట్టి గ్లాసు గురించీ ఏదో చెప్పింది, ఆరనివ్వొద్దంది. డబ్బాలో ఓ మూల గాజు గ్లాసులో మట్టి ఉంది, అది దేనికో భగవంతుడికే తెలియాలి, రోజూ చెంచాడు నీళ్ళు మాత్రం చిలకరిస్తోంది.

పాట మొదలైంది. ఎండ కిటికీ దిగి గోడమీదికి జరిగి, గది కాషాయంగా మారిందంటే చాలు, ముందు ఒకటి సన్నగా గీరుతుంది, అట్ట వెనకనుంచి ఇంకోటి అందుకుంటుంది, ఆ తర్వాత ఎన్ని పాడుతున్నాయో లెక్క తెలియదు, గది మొత్తం గిర్రున తిరుగుతున్న చక్రమైపోతుంది. ఆమె గోడకు తల ఆనించింది. కళ్ళు బరువెక్కాయి. ఈ హోరులో ఎంత హాయి ఉందో ఎవరికి తెలుసు. ఆమె పుట్టింది పిండిమర గదికి ఆనుకున్న ఇంట్లో. పొద్దున నాన్న మర చక్రానికి పట్టా తగిలించాడంటే గోడ వణికేది, మంచినీళ్ళ గ్లాసులో వలయాలు పుట్టేవి, ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ ఆ హోరే జోల. మర పాడుతోందంటే అంతా బాగున్నట్టు. ఆగిందంటే పట్టా తెగినట్టో, కరెంటు పోయినట్టో, ఎవరి వేలో నలిగినట్టో, అమ్మ చేతిలో చాట అలాగే పట్టుకుని పరుగెత్తేది. అందుకే ఆమెకు నిశ్శబ్దమంటే గుండె దడ. పెళ్ళయి ఈ ఇంటికొచ్చి, నోట్లో నువ్వుగింజ నానని మొగుణ్ణి చూసి అందరూ ఎలా వేగుతున్నావమ్మా అంటే, ఆమెకు లోలోపల నవ్వొచ్చేది. అన్నం తింటూ కూడా బల్ల కింద కాలితో బ్రేకు నొక్కుతూ, ఆవాళ నేర్చుకోవడానికొచ్చినవాళ్ళు ఎవరెవరు ఏ స్తంభానికి ఎంత దగ్గరగా వెళ్ళారో అభినయిస్తూ చెప్తాడాయన, క్లచ్, క్లచ్, ఓ బాబూ క్లచ్ అన్నాగా! ఆమె పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. బల్లకు అటుపక్క ఆ పిల్ల కూర్చుని మెతుకు మెతుకూ ఏరుకు తినేది. నవ్వేదేమో. నవ్వినా చప్పుడుండదు కదా.

ఆ పిల్ల కంచం కడిగి బోర్లించినా చప్పుడుండదు. మెట్లెక్కినా ఉండదు. ఒకసారి ఇంట్లో ఎవరూ లేరనుకుని ఆమె కుట్టుమిషను ముందు కూర్చుని గంటసేపు తనలో తాను మాట్లాడుకుంది, అత్తగారి మీద పాత కోపాలూ, నడుము నొప్పీ, పిల్లలు కలగని సంగతీ, అన్నీ. తిరిగి చూస్తే తలుపు దగ్గర టీ గ్లాసు ఉంది, పైన మూత పెట్టి, పొగలు కక్కుతూ. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో, ఎప్పుడు వెళ్ళిపోయిందో. మర్నాటినుంచి నడుముకు ఆనించుకునే దిండొకటి కుర్చీలో కనిపించింది. ఆమె అడగలేదు, ఆ పిల్ల చెప్పలేదు. తను మాత్రం అప్పుడేమనుకుంది? పాపం ఆ పిల్లకు ఒంట్లో బాగుండదేమో, అందుకే అలా ఉంటుంది అనుకుంది. వెళ్ళిపోయే రోజున ఆకుపచ్చ ట్రంకు పెట్టెను చెరోపక్కా పట్టుకుని మెట్లు దింపారు. కిందికొచ్చాక ఆ పిల్ల వెంటనే కారెక్కలేదు. చీర కుచ్చెళ్ళు సర్దుకుంది, సర్దాల్సినవేం లేకపోయినా. ఆమెవైపు చూసి ఆగింది. అప్పుడు అనాల్సిన మాట ఎంత చిన్నది! ఊరంతటితో వాగే నోరు, ఆ ఒక్క మాటకు పెగల్లేదు. "గొడుగు పెట్టుకున్నావా?" అంది. "పెట్టుకున్నాను వదినా" అంది ఆ పిల్ల. కారు వెళ్ళిపోయింది. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు ఆ రోజు.

పాట ఇంకా హెచ్చింది. ఈ మధ్య మరీ గట్టిగా పాడుతున్నాయి. కింది గదిలోకి కూడా వినబడుతోంది, ఆయన రోజూ రాత్రి టీవీ గొంతు పెంచుకోవాల్సి వస్తోంది. బాగా పెంచుతున్నాను కాబట్టే ఇంత హుషారుగా ఉన్నాయని మురిసిపోయింది, పక్కింటావిడతో చెప్పుకుంది కూడా. లే, లేచి దొరగారికి ఇవాళ్టి భోజనం ముందే పెట్టేద్దాం, వచ్చేసరికి పొట్టనిండా తిని ఠీవిగా కనిపిస్తాడు. ఆమె చిన్న సీసా తీసుకుని డబ్బా మూత తెరిచింది. ఒక అట్ట ఎత్తి, రెక్కలు లేపి గీరుతున్నవాటిని మెల్లగా పక్కకు దులిపింది. ఇది ఆమె పద్ధతి. పాడేవాటిని ముట్టుకోదు. పాడుతున్న నోటిని, అంటే రెక్కల్ని, ఎలా తుంచి పెడుతుంది ఎవరికైనా? మొదటిరోజే చేతులు రాలేదు. మూగగా మూలన కూర్చున్నవి ఉంటాయి కదా, వాటినే సీసాలోకి దులిపేది, ఎలాగూ నలతగా ఉన్నట్టున్నాయి, పోతే అవే పోనీ అనుకుని. మూడు నెలలుగా అలాగే. ఇవాళ అట్ట తిప్పింది, పాడేదే. రెండో అట్ట తిప్పింది, పాడేదే. మూడోదీ నాలుగోదీ తీసింది, చివరికి అట్టలన్నీ బయట పెట్టేసి డబ్బా అడుగు చూసింది. మూగది ఒక్కటి లేదు. బుల్లిబుల్లివి, గోధుమ రవ్వలా ఉండేవి, అవీ లేవు. అవెప్పుడు మాయమయ్యాయి? ఈ మధ్య కనబడటమే లేదు సుమా అని ఇప్పుడనుకుంటోంది. ఆమెకు మూడు నెలల కిందటి ఆ పేజీ తిప్పినట్టుండే గొంతు చెవి పక్కనే వినబడింది, మెట్ల మీద, ట్రంకు పెట్టె బరువుకు ఆయాసపడుతూ, "తోక దగ్గర సూదిలా ఉన్నవి ఆడవి వదినా, అవి పాడవు. మగవే పాడతాయి, వాటిని పిలవడానికి."

ఓరి దేవుడా. సూది! చూసింది కదా తను, వాటి వెనక సూది మొనలా ఏదో ఉండేది, ముల్లు దిగిందేమో పాపం అనుకుని వాటినే ముందు ఏరింది. అవి గుడ్లు పెట్టే తల్లులు. తల్లులన్నిటినీ ఏరి ఏరి పెట్టేసింది, తన చేతులతో, పొడి అద్ది మరీ. ఇవేమో పిలుస్తున్నాయి. హుషారు కాదు, పాడూ కాదు, పలికేవాళ్ళు ఒక్కరూ లేక ఇంకా గట్టిగా పిలుస్తున్నాయి, అది విని తను గోడకానుకుని కునికిపాట్లు పడుతోంది. ఆమె నేలమీద అలాగే కూలబడింది. తను మాత్రం ఏం చేస్తోంది ఈ మూడు నెలలూ? మిషనుతో మాట్లాడుతోంది, దొరగారితో మాట్లాడుతోంది, కర్టెన్లు తీసుకెళ్ళడానికొచ్చినవాళ్ళను వాకిట్లో నిలబెట్టి అరగంట వాయిస్తోంది, నీకీమధ్య మాటలెక్కువయ్యాయోయ్ అని ఆయనే అన్నాడంటే ఇక చూసుకో. ఇంకో నెలలో ఈ ముసలివన్నీ ఒక్కొక్కటే రాలిపోతాయి, డబ్బా మూగబోతుంది. ఏం పెంచావు వదినా అంటే ఏం చెప్పాలి? చప్పుడు చేసేవాటినే పెంచాను అని చెప్పాలి.

సీసాలో ఒకటి పడింది, పాడేదే, దానంతట అదే దూకింది. ఆమె అద్దాల తలుపు జరిపి సీసా వంచింది. దొరగారు కళ్ళు తెరిచాడు. కీచురాయి ఇసుకలో రెండడుగులు వేసి, మీసాలు ఆడించి, ఎక్కడున్నదీ తెలియని వెర్రిబాగులది, దొరగారి మొహం ముందే రెక్కలు లేపి పాట ఎత్తుకుంది. దొరగారు తల ఓ పక్కకు వంచి విన్నాడు. తోక కొస ఆడింది. టప్. పాట మధ్యలో తెగింది. డబ్బాలో మిగతావి కూడా ఒక్కసారిగా ఊరుకున్నాయి, కింద వాకిట్లో ఏదో అదిరినట్టుంది, కారేమో. గదిలో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. మర ఆగినట్టే అనిపించింది ఆమెకు, పరుగెత్తాలి, ఎవరి వేలో నలిగింది. అయితే పరుగెత్తలేదు. ఎందుకంటే, నాన్న మరను అమ్మేసిన రోజు గుర్తొచ్చింది, ఇన్నేళ్ళుగా గుర్తురానిది. లారీ వచ్చి మర ఎత్తుకుపోయింది, మధ్యాహ్నం ఇంట్లో అందరూ బిక్కచచ్చి కూర్చున్నారు, చెవులు హోరెత్తేంత నిశ్శబ్దం. అప్పుడు వంటగదిలోంచి వినబడింది. అమ్మ. చాటలో బియ్యం చెరుగుతూ కూనిరాగం తీస్తోంది. నాన్న తలెత్తాడు. "మీ అమ్మకు పాటొచ్చా?" అన్నాడు, తననే అడిగాడు. అమ్మ గుమ్మంలోంచి తొంగిచూసి, "రోజూ పాడేదాన్నేగా" అంది, మామూలుగా, కోపం కూడా లేకుండా. రోజూ పాడేదట. ఇరవై ఏళ్ళు. ఎవ్వరూ వినలేదు.

ఆ నిశ్శబ్దంలోనే మెట్లమీద అడుగులు వినబడ్డాయి. చెప్పులు కింద వదిలేసిన పాదాలు, మెత్తగా, ఒకదాని తర్వాత ఒకటి. ఎప్పుడూ ఇలాగే ఎక్కేది కాబోలు. ఆమె లేచే లోపే ఆడపడుచు గుమ్మంలో ఉంది, కాస్త చిక్కింది, భుజాన చిన్న చేతిసంచి. అంతే, చేతిసంచే. ఆమెకు అర్థమైపోయింది. చూసి పోవడానికే వచ్చింది.

"బాగున్నావా వదినా?" అంటూనే అద్దాల గూటి ముందు మోకాళ్ళమీద కూర్చుంది. దొరగారు మూతి నాక్కుంటున్నాడు. ఆడపడుచు మొహం విచ్చుకుంది. "బాగా ఒళ్ళు చేశాడు."

తర్వాత చెల్లాచెదురుగా పడున్న అట్టల్నీ, మూత తీసిన డబ్బానూ చూసింది. వంగి చాలాసేపు చూసింది. "అన్నీ పాడేవే" అంది.

"పాడనివి నేనే పెట్టేశాను. జబ్బు చేసినవనుకున్నా. నువ్వు చెప్పావు, చెప్పలేదని అనను, నేనే సరిగ్గా విన్లేదు. నువ్వేం చెప్పినా నేను సగమే వింటానమ్మడూ, మిగతాది నా ఇష్టమొచ్చినట్టు అల్లేసుకుంటాను." ఆమె ఆపలేదు, ఆపితే మళ్ళీ క్యారెట్టు అయిపోతుందని భయం. "వెళ్ళొద్దు. ఇక్కడే ఉండు. ఆ రోజే అందామనుకున్నా, గొడుగు అడ్డొచ్చింది."

ఆడపడుచు డబ్బాలో చెయ్యి పెట్టి మూలనున్న మట్టి గ్లాసు పైకి తీసింది, వేలితో తాకి చూసింది.

"దీన్ని తడుపుతున్నావా?"

"రోజూ."

"ఎందుకో తెలుసా?"

"నాకేం తెలుసు? ఆరనివ్వొద్దన్నావుగా."

ఆడపడుచు ఆమెవైపు తిరిగి ఒక్క క్షణం అలాగే చూసింది, కొత్త మనిషిని చూసినట్టు. గ్లాసును బల్బు వెలుగుకు ఎత్తి పట్టింది. గాజుకు ఆనుకుని, తడి మట్టిలో, నూకల్లాంటివి సన్నగా పొడుగ్గా కనిపించాయి, బోలెడన్ని. "గుడ్లు" అంది. "ఆడవి ఉన్నన్నాళ్ళూ పెడుతూనే ఉన్నాయి. ఆరిపోయుంటే పోయేవి. వారంలోపు పిల్లలొస్తాయి, ఈసారి పెద్దవి తినెయ్యకుండా వేరే డబ్బాలో పెట్టాలి. చీమంత ఉంటాయి వదినా, మొదట్లో కంటికి కూడా ఆనవు. పాడాలంటే నెలన్నర, రెండు నెలలు. అప్పటిదాకా చప్పుడుండదు, నీకు తోచదేమో."

"చప్పుడు లేకపోతేనేం" అంది ఆమె, ముక్కు ఎగబీలుస్తూ. "ఉంటాయిగా."

ఆడపడుచు నవ్వింది. దగ్గరగా ఉంటే వినబడుతుంది ఆ నవ్వు, ముక్కులోంచి వచ్చే చిన్న గాలి, అంతే. ఏదో చెప్పబోయింది, ఇంతలో కిందినుంచి ఆయన గొంతు మెట్లు ఎక్కి వచ్చేసింది, వీధి వీధంతా వినబడేలా:

"ఏమోయ్! ఒక్కసారి కిందికి రా! దీని ట్రంకు పెట్టె ఎత్తలేక చస్తున్నా, ఇటుకలు నింపుకొచ్చిందా ఏంటి? దారి పొడుగునా అడుగుతూనే ఉన్నా, మొత్తం సామాను ఎందుకు తెచ్చుకున్నావే అంటే పలకదే! ఓ పక్క పట్టు!"

ఆమె ఆడపడుచు వంక చూసింది. ఆడపడుచు మట్టి గ్లాసును యథాస్థానంలో పెట్టి, దానిలో చెంచాడు నీళ్ళు చిలకరిస్తోంది, తలెత్తకుండా. చెవుల దాకా ఎర్రబడింది.

"బస్సెక్కేముందే నిశ్చయించుకున్నావా?"

"ఊఁ."

"చెప్పొచ్చుగా!"

"నువ్వు మాట్లాడుతున్నావుగా వదినా" అంది ఆ పిల్ల.

ఆమె కళ్ళు తుడుచుకుని, నవ్వో ఏడుపో తెలియని మొహంతో గబగబా మెట్లు దిగింది. పైన డబ్బాలో ఒకటి సన్నగా మళ్ళీ గీరడం మొదలుపెట్టింది. ఆకుపచ్చ పెట్టె వాకిట్లో ఉంది. ఆయన ఒక చెవి పట్టుకున్నాడు, ఆమె రెండో చెవి పట్టుకుంది.